రెండంగుళాలు పెద్దది

మా వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ ఎవరి నడుము కొలతైనా కంటితోనే చెప్పేస్తుంది. అలాంటి మనిషి తోడికోడలి ఇంట్లో కొత్త హెచ్‌డీ టీవీ చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

"బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చూడక్కా!" అని తోడికోడలు మురిసిపోతుంటే, ఈవిడకి బొమ్మ కనబడితేగా! ఆమె కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళగానే, మెడలో వేలాడే టేపు తీసి టీవీని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచేసింది. నలభై ఎనిమిది అంగుళాలు.

"ఉన్న టీవీ బాగానే ఉందిగా" అన్న మొగుణ్ణి ఒక్క చూపుతో కూర్చోబెట్టి, మర్నాడే షాపుకెళ్ళింది.

"మీ గది ఎంతుంటుందమ్మా? ఎంత దూరంలో కూర్చుని చూస్తారు?" అన్నాడు అమ్మే అతను.

"గది గొడవ నీకెందుకు బాబూ! యాభై అంగుళాలది ఇవ్వు."

ఇంట్లో గోడకి బిగించాక మనసాగక టేపు పెట్టింది. నలభై మూడున్నర! "యాభై అని చెప్పి ఇది అంటగడతారా?" అని బిగించినతని మీద విరుచుకుపడింది.

"టీవీని అడ్డంగా కొలవరమ్మా. కింది మూల నుంచి ఎదురు పై మూలకి కొలుస్తారు" అన్నాడతను.

ఆ లెక్కన, అడ్డంగా నలభై ఎనిమిదున్న తోడికోడలి టీవీ యాభై ఐదు.

సాయంత్రం తోడికోడలు రానే వచ్చింది. టీవీ చూసి నిజంగానే సంబరపడింది.

"ఎంత ముద్దుగా ఉందక్కా! మా పడగ్గదిలోకి సరిగ్గా ఇలాంటి చిన్నదే వెతుకుతున్నాం. ఏ షాపులో కొన్నావు?"