తూము రొయ్యలు

ఎర్మెలిందా కార్దోజ్‌కి గిట్టని మనుషులు కారెబెట్ దీవిలో చాలామందే ఉండేవారు. వాళ్లతో పోట్లాడేది, మళ్లీ ఆదివారం చర్చి మెట్ల దగ్గర మాట కలిపేది. ఎమ్మెల్యే ఎవరిస్తో గ్రాసియాస్ సంగతి వేరు. ఆయనతో పోట్లాడాలని కూడా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. షోకేసులో పెట్టిన మైనపు పండుని చూసినట్టు చూసి ఊరుకునేది.

ఆమె భర్త ఓడల్లో వంటవాడు, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే. కరకట్ట పక్కనున్న పొలాన్ని ఆమే చేసుకునేది. వానాకాలం వరి, తర్వాత ఉల్లి, చిలగడదుంప. కౌలు రైతుల సంఘానికి పెద్దగా ఉండడానికి మగవాళ్లెవరూ ముందుకు రాకపోతే ఆ బరువు కూడా ఆమె నెత్తినే పడింది. నోరున్న మనిషి కాబట్టి మోసింది.

కారెబెట్ పొలాలు నదికంటే పల్లంలో ఉంటాయి. పోటు వచ్చినప్పుడు కట్టలోని తూము పలకలు దించాలి, ఆటుకి ఎత్తాలి. అప్పుడే ఉప్పునీరు బయట ఆగుతుంది. తూము దగ్గర చేపలు పట్టుకునే హక్కుని ఏటా వేలం వేస్తారు. కొంతకాలంగా ఆ పాట నెల్సన్ అనే పొరుగూరివాడికి దక్కుతోంది. వాడు చేసే పని ఊరందరికీ కనిపిస్తూనే ఉంది. సరిగ్గా పోటు వేళకి పలకలు ఎత్తేసేవాడు. నీళ్లతోపాటు రొయ్యలు లోపలికొచ్చేవి, ఆటులో తిరిగి పోతూ వాడి వలలో పడేవి. వరి మాత్రం ఎర్రబడి నిలువునా మాడిపోయింది. మరుసటి ఏడూ అంతే. అడిగితే, పలకలు పాతబడి జారిపోతున్నాయని వాడి జవాబు.

పంచాయతీకి వెళ్తే ఎమ్మెల్యేని కలవమన్నారు. ఎవరిస్తో సంఘం వాళ్లని కూర్చోబెట్టి, కోకం షర్బత్ ఇప్పించి, కళ్లు మూసుకుని విన్నాడు. బాధపడుతున్నట్టు కనిపించడానికి ఆయన నేర్చుకున్న పద్ధతి అది. చావింట్లోనూ అలాగే కళ్లు మూసుకునేవాడు, కొత్త బస్‌స్టాప్ ప్రారంభించేటప్పుడూ అలాగే మూసుకునేవాడు.

"ఇది మీ ఒక్కరి బాధ కాదక్కా, నాది. మంత్రి దాకా తీసుకెళ్తాను. మీరూ రండి" అన్నాడు. గుమ్మం దాకా సాగనంపుతూ గొంతు తగ్గించి, "కాస్త పాత బట్టలు వేసుకు రండేం. చూడగానే మంత్రిగారి మనసు కరగాలి" అన్నాడు.

మర్నాడు ఎర్మెలిందా మేనకోడలి పెళ్లికి కుట్టించుకున్న నీలం పట్టు గౌను వేసుకుని, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని ఫెర్రీ ఎక్కింది. ఎవరిస్తో ఆమెని తల నుంచి కాళ్ల దాకా చూసి, మొహం మాడ్చుకుని నదివైపు తిరిగాడు. ఆ రోజుకి ఆమెకి దక్కిన సంతోషం అదొక్కటే.

జలవనరుల మంత్రి అంతా విని, పొలాలు పాడయ్యాయి కాబట్టి ఇది వ్యవసాయ శాఖ సంగతి అన్నాడు. వ్యవసాయ మంత్రి, చేపల వేలం వల్ల వచ్చిన గొడవ కాబట్టి మత్స్యశాఖని అడగమన్నాడు. ప్రతిచోటా ఎవరిస్తో అర్జీ అందిస్తూ మంత్రికేసి కాకుండా ఫోన్ పట్టుకున్న తన మనిషికేసి చూసేవాడు. ఫొటో సరిగ్గా రాలేదంటే ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చేవాడు. మంత్రులు కూడా ఏమీ అనుకునేవారు కాదు. అదీ కొలువులో ఒక పని అన్నట్టు మళ్లీ చెయ్యి చాపేవారు.

అసెంబ్లీలో కూడా లేవనెత్తాడు. ఎర్మెలిందాని అసెంబ్లీ ఉన్న పర్వరి కొండ మీదికి తీసుకెళ్లి పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. ఎవరిస్తో లేచి, తన దీవి అక్కచెల్లెళ్ల కన్నీళ్లే ఉప్పునీరై పొలాల్ని ముంచేస్తున్నాయని చెప్పాడు. ఆమె ఆ పొలం విషయంలో తిట్టిందే గానీ ఒక్కనాడూ ఏడవలేదు. గౌరవ సభ్యులు లేవనెత్తిన అంశం ప్రభుత్వ పరిశీలనలో ఉందని మంత్రి చదివాడు. ఎవరిస్తో ధన్యవాదాలు చెప్పి కూర్చుని, తల పైకెత్తి ఆమె కోసం వెతికాడు. ఆమె అప్పటికి చెప్పులు విప్పేసి అరికాలు రుద్దుకుంటోంది.

చివరికి మత్స్యశాఖ మంత్రి దగ్గరికి వెళ్లారు. ఆయన భారీ మనిషి, సరదాగా మాట్లాడతాడు. అర్జీ ఫొటో అయ్యాక దాన్ని పక్కన పడేసి టీ తెప్పించాడు. ఆమె ఇద్దరి మధ్య కుర్చీలో ఉంది. ఆమె తల మీదుగానే మంత్రి ఎవరిస్తోతో అన్నాడు.

"నువ్వు క్రిస్మస్‌కి పంపిన రొయ్యల గురించి మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటున్నారోయ్. తూము రొయ్యల రుచే వేరు. ఈసారి నీ నెల్సన్‌కి చెప్పి ఇంకాస్త పెద్దవి పంపించు. పాట పాడింది వాడైనా తూము నీదేగా."

ఎవరిస్తో గతుక్కుమనలేదు. నవ్వి, తప్పకుండా సార్ అన్నాడు. ఈమె విందేమోనని పక్కకి చూడను కూడా చూడలేదు. గదిలో ఉన్న పూలకుండీ విందేమోనని ఎవరు చూస్తారు?

తిరుగు ఫెర్రీలో ఆమెకి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఈ మనిషి వెనకాల పట్టు గౌనేసుకుని ఇన్ని మెట్లెక్కాను కదా అనుకుంది. ఒడ్డు దగ్గర పడుతుండగా అడిగింది, నెల్సన్ మీకేమవుతాడని.

"ఎవరూ? ఓ, వాడా" అన్నాడు ఎవరిస్తో, ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటూ. "నియోజకవర్గంలో అందరూ నావాళ్లే కదక్కా."

ఆమె ఆ రాత్రి హాయిగానే నిద్రపోయింది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకి విన్నది విన్నట్టు చెప్పింది. మంత్రి గొంతు అనుకరించి మరీ చెప్పిందట. మగవాళ్లు మీటింగు పెడదామన్నారు. ఆడవాళ్లు ఆ వారం పెద్ద పోటు ఎప్పుడో చూసుకున్నారు.

పెద్ద పోటు రోజు మధ్యాహ్నం, నీరు ఎక్కడం మొదలవకముందే గడ్డిమోపులతో, బంకమట్టి తట్టలతో తూము దగ్గరికి దిగారు. కాపలా ఉన్న నెల్సన్ అడ్డం రాబోయి, అంతమందిని చూసి గట్టెక్కి ఫోన్ చేశాడు. వాళ్లు వల లాగి గట్టు మీద పడేశారు, పలకలు గాడిలోకి దించి వెనకాల మట్టి కొట్టడం మొదలుపెట్టారు. పలకలు బాగానే ఉన్నాయి. ఏదీ జారలేదు.

ఎవరిస్తో తెల్ల లినెన్ చొక్కాతో కారు దిగాడు. ఫోన్ మనిషీ, వెనకే ఒక విలేకరీ దిగారు. చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవద్దనీ, విషయం మంత్రిగారి పరిశీలనలో ఉందనీ గట్టు మీద నుంచే చెప్పాడు. నడుం లోతు బురదలో ఉన్న ఎర్మెలిందా తల తిప్పకుండా వింది.

"నీ బాప్టిజానికి కేకు మా అమ్మ చేసింది ఎవరిస్తో. అయినా ఎమ్మెల్యేవన్న మొహమాటంతో ఇన్నాళ్లూ మీరు మీరు అన్నాను. రొయ్యలు నువ్వు తిను, మీ మంత్రికి పెట్టు, నాకేం పోలేదు. కానీ మా గోడు మోసుకు తిరుగుతున్నానని మాత్రం ఇంకెక్కడా చెప్పకు."

విలేకరి రాసుకుంటున్నాడు. ఎవరిస్తో అటు చూశాడు, ఇటు చూశాడు. అంతలో ఆ మొహంలో జరిగిన మార్పు ఎర్మెలిందాకి చచ్చేదాకా గుర్తుంటుంది. కళ్లు మూసుకుని తెరిచాడు. ఈ మంచిపని చేయమని ఈ అక్కచెల్లెళ్లకి చెప్పింది తనేనన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు విప్పి నెల్సన్ చేతికిచ్చి దిగాడు. పలక మీద చెయ్యేసి ఫోన్ మనిషికేసి తిరిగాడు.

ఫొటో అయ్యాక చెయ్యి తీయబోయాడు. నీరు పెరుగుతోంది, వెనక మట్టి ఇంకా నిండలేదు.

"వదిలితే పలక వచ్చేస్తుంది. పట్టుకున్నావుగా, పట్టుకో" అంది ఎర్మెలిందా.

ఒకామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. విలేకరి ఇంకా పోలేదు కాబట్టి ఎవరిస్తో భుజం ఆనించి నిలబడ్డాడు. చొక్కా బురదైంది, చెంప మీద దోమ వాలితే తోలుకోవడానికి చెయ్యి లేదు. మట్టి నిండి, ఆడవాళ్లు వదలమన్నాక గట్టెక్కి, నెల్సన్ చేతిలోంచి బూట్లు లాక్కుని కారెక్కాడు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటోనే వేశారు. పక్కన ఎర్మెలిందా మోచెయ్యి కనిపిస్తుంది.

తర్వాతి వేలంలో నెల్సన్ పాట పాడలేదు. తూము సంఘం చేతికొచ్చింది. ఉప్పు కడిగేసుకోవడానికి నేలకి రెండు వానాకాలాలు పట్టింది. మొదటి పంట సగం తాలు. రెండోది బాగా పండింది. మధ్యలో ఎన్నికలొచ్చాయి, ఎవరిస్తో మళ్లీ గెలిచాడు. తూము ఫొటోని పోస్టర్ల మీద వేసుకున్నాడు. ఎర్మెలిందాకి ఆశ్చర్యమేం కలగలేదు.

ఆ రెండో పంట వెన్ను వేసిన ఆగస్టులో, కొత్త వడ్ల పండగకి పాదిరి పొలంలో తొలి వెన్నులు కోసి దీవించాడు. వాటిని పంచే వంతు ఎర్మెలిందాది. ఎవరిస్తో ముందు వరసలో నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు చాపాడు. ఆయనకివ్వొద్దని పక్కనున్నామె గిల్లింది. ఎర్మెలిందా అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఒక వెన్ను ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాలంటే ఆయన గురించి ఒక్క క్షణమైనా ఆలోచించాలి. అంత ఓపిక ఆమెకి లేదు. ఆయన కళ్లు తెరిచేసరికి ఆమె వెనక వరసలో వాళ్లని ఉల్లినారు ఎప్పుడు పోస్తారో అడుగుతోంది.