రిలే ట్రయల్ ముందు నేను దాచిన జ్వరం

1955 ఆగస్టు 3, బుధవారం. నాంపల్లి గోదాములో సాయంత్రం ప్రాక్టీసు. హాజరు: కోచ్ మాస్టరు, కాంపౌండర్ నర్సింగ్‌రావు, రిలేలో మొదటి ఇద్దరు, మూడోవాణ్ని నేను, నాలుగోవాడు యాదగిరి, ఒక రిజర్వు.

ఆ పేర్ల కింద నా డైరీలో ఇలా ఉంది: ‘వంపు తిరిగేచోట కాళ్లు బరువెక్కాయి. జ్వరం 99.4.’

వానలకు మైదానం బురదైపోయింది, అందుకే మమ్మల్ని పైకప్పు కింద పరిగెత్తిస్తున్నారు. జాతీయ పోటీలకు జట్టును తేల్చే ట్రయల్ కూడా ఆ గోదాములోనే, పద్నాలుగో తేదీ ఆదివారం. జ్వరమని తెలిస్తే నా చోటు రిజర్వుకు పోతుంది.

మా బస అబిడ్స్‌లో ఒక హోటల్ పైన. రోజూ సాయంత్రం ఆరింటికి కాంపౌండర్ వచ్చి అందరి నోట్లో థర్మామీటర్ పెట్టి చార్టులో రాసుకునేవాడు. ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే నేను కింద హోటల్‌లో అడిగి తెచ్చుకున్న ఐసు ముక్కను నాలుక కింద పెట్టుకునేవాణ్ని. చార్టులో ఎప్పుడూ 98 దగ్గరే. ఆయన వెళ్లాక అరగంట ఆగి, నా సొంత థర్మామీటర్ పెట్టుకుని అసలు అంకెను, ఐసు సంగతితో సహా, డైరీలో రాసేవాణ్ని. 100.2. 101. 101.8. డైరీలో అబద్ధం రాయడం మాత్రం నాకు చేతకాలేదు.

నన్ను మోసం చేసింది నా నాడి. పరుగెత్తేవాడి ఆరోగ్యం నాడిలోనే తెలుస్తుందని మాస్టరు అంటుండేవారు. ఒళ్లు కాలిపోతున్నా నాది డెబ్భై ఆరు దాటలేదు. గుండె గట్టిగా ఉంది, ఇది ఒట్టి వానాకాలపు జ్వరం అనుకున్నాను.

పదో తేదీన బ్యాటన్ అందుకున్న యాదగిరి పరుగెత్తకుండా నిలబడిపోయాడు.

“ఏందిరా చంద్రం, కట్టె గిట్ల కాలుతున్నది? పొయ్యిల పెట్టి తెచ్చినవా?”

“ఉరికొచ్చిన కదా. గాడ నిలబడ్డోనికి ఏం తెలుస్తది?”

“ఉరికినోని చేతికి చెమట ఉంటది. నీ చెయ్యి పెంక లెక్క ఎండిపోయింది.”

బసకు రాగానే వాడు నా దిండు కింది డైరీ తీసి మాస్టరు ముందు పెట్టాడు. ఆయన చదువుతుంటే నేను యాదగిరితో అన్నాను: “నా చోటు పోగొట్టినవ్. ఇగ నీ మొఖం చూడ.”

“చూడకు. ముందుగాల రిక్షా ఎక్కు.”

దవాఖానలో పెద్ద డాక్టర్ డైరీలోని ఎనిమిది రోజులూ వేలు పెట్టి చదివారు. “మా వార్డుల గూడ గిట్ల రాసేటోళ్లు లేరు. రోజుకో మెట్టు ఎక్కింది. స్టెప్ ల్యాడర్ ఫీవర్. జ్వరం నూటమూడు, పల్స్ డెబ్భై ఆరు. గుండె గట్టిదని మురిసినవా? జ్వరం పెరిగితే పల్స్ గూడ పెరగాలె. పెరగలేదంటే గదే టైఫాయిడ్ గుర్తు.” టైఫాయిడ్‌ను తేల్చే విడాల్ టెస్ట్‌కు రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండానే క్లోరోమైసెటిన్ మందు మొదలుపెట్టారు. “ఇంకో వారం ఐసు చప్పరించి ఉంటే నన్ను పిలిచే పని ఉండకపోవు.”

శనివారం రిపోర్టు పాజిటివ్ అని వచ్చింది. అయితే ఆదివారం పొద్దున జ్వరం 99కి దిగింది. ట్రయల్ పదింటికి. నాంపల్లి రిక్షాలో ఎంత దూరం? ఎవరూ చూడకుండా మంచం దిగి వరండాలో ఇరవై అడుగులు వేశాను. కడుపులో మెలిపెట్టింది. పాయఖానాలో నల్లటి రక్తం చూసి అక్కడే కూలబడ్డాను.

“హెమరేజ్,” అన్నారు డాక్టర్. “నీ పేగు తడిసిన కాయితం లెక్కున్నది. చినిగితే పర్ఫొరేషన్. ఆపరేషన్ చేసినా మాటియ్యలేను. పక్క మీద దొర్లాలన్నా నర్సమ్మనడిగి దొర్లు.”

నోట్లోకి నీటిచుక్క కూడా లేదు, సెలైన్ ఒక్కటే. గంటగంటకూ నర్సు వచ్చి, పేగు చినిగి కడుపు గట్టిపడిందేమోనని నొక్కి చూసేది. ఈసారి నాడి నూట ఇరవై. దాన్ని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. సాయంత్రానికి నూటనాలుగుకు తగ్గింది. కడుపు సంగతి తెల్లవారితే గాని చెప్పలేమన్నారు.

నేను జాతీయ పోటీల్లో ఎన్నడూ పరుగెత్తలేదు. లేచి తిరగడానికే రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఎనభై దాటాయి, రోజూ నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడుస్తాను. చదివేవారికి చెప్పేది ఒకటే. జ్వరం వస్తే పూటపూటా అంకె, వేళ రాసిపెట్టుకోండి. ఆ కాగితం అదే రోజు ఇంకొకరి చేతిలో పెట్టండి. నేను సగం పనే చేశాను. మిగతా సగం యాదగిరి చేశాడు.

ఆ ఆదివారం రాత్రి గడిచి, మర్నాడు పొద్దున, పంద్రాగస్టు సెలవైనా డాక్టర్ వచ్చారు. కడుపు నాలుగు చోట్ల నొక్కి, “మెత్తగున్నది,” అన్నారు. రెండు చెంచాల బార్లీ నీళ్లు పట్టమన్నారు. గ్లాసు పట్టుకుని వచ్చింది నర్సు కాదు, యాదగిరి.

“సెలెక్ట్ అయినం,” అన్నాడు నేల చూస్తూ.

టైమెంతని అడిగాను. చెప్పాడు. నేనుంటే ఇంకా తగ్గేదా అన్న మాట ఇద్దరమూ ఎత్తలేదు.

“ఎప్పుడు పోతున్నరు?”

“వచ్చే వారం. జర నోరు తెరువు, చెంచా పట్టుకోని చెయ్యి గుంజుతున్నది.”

నోరు తెరిచాను.