ఊరికో గుక్క

నా చిన్నప్పుడు పాలంటే నాకు ప్రాణం, నా కడుపుకు మాత్రం అవి పడేవి కావు. తాగిన కాసేపటికే కడుపు ఉబ్బి, గుడగుడలాడి, చెంబు పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చేది. ఒక ఎండాకాలం మహబూబాబాద్ నుంచి గంగారంలోని మా పెద్దమ్మ ఇంటికి పోతూ, బస్సెక్కే ముందు గ్లాసెడు పాలు గటగటా తాగాను. కొత్తగూడ దాటాక అడవిలో బస్సు ఆపమని అడగడానికి సిగ్గుపడ్డాను. దిగేసరికి నా నిక్కరు సంగతి బస్సంతటికీ తెలిసిపోయింది. పెద్దమ్మ కొడుకులు ఆ సెలవులన్నీ నన్ను పాలబుడ్డి అనే పిలిచారు.

మరుసటి ఏడు పెద్దమ్మ ఇంట్లో పెళ్లి. అమ్మ ముందే వెళ్లింది. కొత్త ప్యాంటు వేసుకుని నేను తర్వాతి రోజు బయలుదేరాను. ఆ ఏడు ఆ దారిలో బస్సు నడిపే డ్యూటీ మా మేనమామకు పడింది. ఈసారి కూడా పరువు పోతే ఇక గంగారం మొహం చూడకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

మామదీ నా లాంటి కడుపే. కానీ చాయ్ లేకపోతే ఆయనకు స్టీరింగ్ మీద చేయి ఆడదు. అందుకే డ్యూటీ ఎక్కే ముందు, డాక్టరు రాసిచ్చిన మోషన్లు ఆగే గోళీ ఒకటి మింగి, ఆ తర్వాతే చాయ్ తాగేవాడు. బస్టాండు హోటల్లో అది చూసి నాకూ ఒకటిమ్మన్నాను.

“గిది పిల్లలు మింగేది కాదు అల్లుడా. మీ అమ్మ నన్ను బతుకనిస్తదా?” అన్నాడు. “గోళీ పాలను అరిగియ్యదు. కడుపుల నడకను మెల్లగ జేస్తది, అంతే. పాలను అరిగిచ్చే సరుకు మనకు జరంతనే ఉందట. ఎక్స్‌ప్రెస్ బస్సు దబదబ పోతే చెయ్యెత్తినోళ్లు రోడ్డు మీదనే ఉంటరు. మనది ఊరూరికి ఆగే బస్సు, అందర్నీ ఎక్కించుకుంటది. పాలు గట్ల నిదానంగ పోతే, ఉన్న జరంత సరుకే సరిపోతది.”

గోళీ లేకుండా ఆ నిదానం ఎలా వస్తుందో ఆ రోజే చూపించాడు. ముందు జొన్నరొట్టె తినిపించాడు. తర్వాత ఒక సీసాలో కాసిన్ని పాలు పోయించి నా చేతికిచ్చాడు. ఊరొస్తేనే ఒక గుక్క, నడుమ తాగితే దించేస్తానన్నాడు.

“ఏందన్నా, పాలకు గూడ టికెట్ కొట్టాల్నా?” అని కండక్టరు నవ్వాడు.

బస్సు ఆగినప్పుడల్లా మామ అద్దంలో నా వైపు చూసి తలూపేవాడు. నేను ఒక గుక్క తాగి మూత పెట్టేవాణ్ని. గూడూరు అయిపోయింది, కొత్తగూడ అయిపోయింది. అడవిలోకి వచ్చాక ఎవరూ చెయ్యెత్తకుండానే బస్సు ఆపాడు. వెనక్కి తిరిగి, ఎవరి మొహమూ చూడకుండా, “పనున్నోళ్లు దిగి చూసుకొని రాండ్రి. దీంట్ల సిగ్గేంది?” అన్నాడు. ఇద్దరు ముసలివాళ్లు దిగారు. వాళ్ల వెనకే నేనూ దిగి ఒక చెట్టు పక్కన నిలబడ్డాను. కడుపు మీద చేయి పెట్టి చూసుకున్నాను. చప్పుడే లేదు.

గంగారంలో పెద్దమ్మ కొడుకులు బస్సు దగ్గరే కాచుకుని ఉన్నారు. “ఏందిరా పాలబుడ్డీ, ఆరబెట్టుకొచ్చినవా?” అంటూ నా చుట్టూ తిరిగి ప్యాంటు వెనక చూశారు. చివరి గుక్క వాళ్ల ముందే తాగాను.

పెద్దయ్యాక మామ గోళీని పట్టుకుని మామ మాటను వదిలేశాను. ఆయన తప్పనప్పుడు వేసుకున్నదాన్ని నేను ప్రతి చాయ్‌కీ వేసుకున్నాను. కూర్చుని తాగే ఓపిక లేక అలా చేశాను. ఇంట్లోనూ అంతే. భార్య ఏదైనా చెప్పబోతే ముగింపు నేనే చెప్పేవాణ్ని. కొడుకు బడి ముచ్చట మొదలుపెడితే తొందరగా చెప్పమనేవాణ్ని. వాడు చెప్పడం మానేశాడు. వాడి తప్పు కాదు. ఈ మధ్య కడుపు పూర్తిగా బిగుసుకుపోయి దవాఖానలో పడ్డప్పుడు, ఇన్నేళ్లు ఏ డాక్టరునూ అడగకుండా మింగారా అని డాక్టరు కోప్పడ్డారు.

ఇప్పుడు తిన్న తర్వాతే, చిన్న కప్పులో చాయ్ తాగుతున్నాను. ఒక గుక్క తాగి కప్పు కింద పెడతాను. కొడుకు వచ్చి కూర్చుంటే వాడు మాట పూర్తి చేసేదాకా మళ్లీ ఎత్తను. గుక్కకో ఊరు చొప్పున గూడూరు, కొత్తగూడ అనుకుంటూ గంగారం చేరేసరికి చాయ్ చల్లారిపోతుంది. ఆ చివరి గుక్కా తాగుతాను.