అతికిన పిడికిలి

తలుపులు బిగించే ఆ వడ్రంగి పెళ్ళికాని రోజుల నుంచీ ఒకే జపాను కార్టూన్ (యానిమే) సిరీస్ డీవీడీ పెట్టెలు కొంటున్నాడు. కొట్లాటలతో ఏళ్ళ తరబడి సాగిన సిరీస్ అది. పెట్టెలన్నీ వరసగా నిలబెడితే బయటికి కనిపించే అంచుల మీద ఒకే బొమ్మ తయారవుతుంది. వీరుడు పిడికిలి బిగించి దూకుతుంటాడు. మోచెయ్యి ఉన్న పెట్టె ఒక్కటే దొరకలేదు. ఎన్ని ఇళ్ళు మారినా దాని చోటు ఖాళీగానే ఉంచాడు.

చివరికి దొరికింది. బావమరిది చూస్తుండగా అరలో పెట్టాడు. తర్వాతెప్పుడో మళ్ళీ అచ్చువేసిన పెట్టె కావడంతో అది కాస్త పొట్టి. మోచెయ్యి కిందికి జారింది.

"చెయ్యి విరిగింది బావా, కట్టు కట్టించు," అన్నాడు బావమరిది. "ఇదంతా ఫోన్లోనే వస్తుంది కదా, ఈ తంటా దేనికి?"

కుంగిన తలుపును బందు వెనక పలచని చెక్క దూర్చి లేపడం వడ్రంగికి రోజూ ఉండే పనే. సంచిలోంచి ఒక ముక్క తీసి చిత్రిక పట్టాడు, పెట్టె కింద పెట్టి చూశాడు, మళ్ళీ పట్టాడు. గీతకు గీత కలిసింది. భుజం నుంచి పిడికిలి దాకా చెయ్యి ఒక్కటయింది. కొనడం ఎవడికైనా చేతనవుతుంది. ఇలా అతికించింది మాత్రం తనే. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

బావమరిది ఒక పెట్టె మీదికి చెయ్యి చాచాడు.

"ముందు చేతులు కడుక్కో," అంది గుమ్మంలోంచి అతని అక్క. "నాలుగోది మాత్రం అడక్కు. చూస్తూ సగంలో ఉన్నాను."