అవ్వ నడుముకు కట్టిన తలగుడ్డ

ఇట్లా వచ్చి కూర్చో అప్పా. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను, చెప్పింది చెప్పినట్టు రాయి. ఈ ట్రంకుపెట్టె తెరవగానే ఎండిన వేపాకు వాసన వచ్చిందా? దాని అడుగున, ఈ తెల్లగుడ్డ మడతల్లో ఇంకో వాసన ఉంది, తలకు రాసే ఆముదానిది. ఇది మా తాత తలగుడ్డ. మా అత్తను కుప్పంలో ఇచ్చినప్పుడు వియ్యంకులు పెట్టింది.

మాది నిమ్మనపల్లె పక్కన పల్లె. ఊరికి కరెంటు కొత్త, నాకు అప్పుడు నీ వయసే. చెనిక్కాయలు ఒలిచే కాలం వస్తే ఇంటిముందు పంచ నిండా మట్టివాసన, పొయ్యి మీద ఉడికే కాయల ఆవిరి, నడుమ కాళ్లు చాపుకుని, బుగ్గన పొగాకు పెట్టుకుని ఊరందరినీ తిడుతూనే అందరికీ దోసిళ్లతో కాయలు పోసే మా అవ్వ. ఎవరైనా మగవాళ్లు వస్తే మాత్రం కడుపు కనబడకుండా చేట ఒళ్లోకి లాక్కునేది. మా చిన్నాయనను కడుపు కోసి తీశారట. ఆ కుట్టు లోపల విడిపోయి, పేగులు చర్మం కిందికి జారి, ఏళ్లు గడిచేసరికి ఆ ఉబ్బు గుమ్మడికాయంత అయింది. దాన్ని హెర్నియా అంటారని మాకు తర్వాత తెలిసింది.

ఉగాది ముందు ఒకరోజు నొప్పితో మెలికలు తిరిగిపోతే తాత బండి కట్టి మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. నొప్పి తగ్గింది గానీ, ఇంకోసారి పేగు మెలిపడితే మనిషి దక్కదని, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. అయినా వెంటనే చెయ్యనంది. ఇన్నేళ్లు బయట ఉన్న పేగులకు లోపల చోటు చాలదట, ఒక్కసారిగా తోసి కుట్టేస్తే ఊపిరి ఆడదట. పొగాకు మానాలి, దగ్గు పోవాలి, ఒళ్లు తగ్గాలి. రోజూ పడుకుని పేగులను మెల్లగా లోపలికి సర్ది, గుడ్డతో కట్టుకుని, ఆ కట్టుతోనే నడవడం, మాట్లాడడం అలవాటు కావాలి.

ఇంటికొచ్చి అవ్వ పాతచీర చించబోతే తాత తలగుడ్డ విప్పి ఇచ్చాడు. ఆడదాని నడుముకు చుట్టిన గుడ్డ మళ్లీ మగవాడి తలకు ఎక్కని రోజులవి.

"యాల, నీ మర్యాద తెచ్చి నా నడుముకు సుట్టుకోమంటావా?" అంది అవ్వ.

తాత ఒక కొస నా చేతిలో పెట్టాడు. ఇక రోజూ నేను పంచలో ఈ చివర ఆ కొస బిగించి నిలబడితే, అవ్వ కడుపు అదిమిపట్టుకుని ఆ చివరనుంచి గిర్రున తిరుగుతూ, గుడ్డ చుట్టుకుంటూ నా ముఖం దాకా వచ్చేది. ఇద్దరికీ నవ్వొచ్చేది, ఆమెకు నవ్వేంత ఊపిరి చాలేది కాదు.

ఆ ఉగాదికి ఓళిగలు, అదే బొబ్బట్లు, అన్నీ తానే తట్టి, వేలు నాకి ఊరుకుంది. పొగాకు బదులు బుగ్గన వాము. తాత కావాలనే చెప్పులతో ఇంట్లోకి వచ్చి తిట్టించుకునేవాడు. ఆమె మొదలుపెట్టి మధ్యలో రొప్పితే, "ఇంగా సాల్దు. సగం తిట్టుకే ఆగిపోతాండావు," అనేవాడు. పుంగనూరు సంతలో ఎవరైనా పాగా ఏదప్పా అని అడిగితే, "ఇంట్లో పనిలో ఉండాది," అనేవాడట.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున అవ్వ బావి దగ్గర మొదలుపెట్టి, తాతను, తాత అమ్మను, కుప్పంలో ఉన్న కూతురి అత్తను కూడా కలిపి, గడప దాకా ఆగకుండా తిట్టింది. తాత చెప్పులు బయట విడిచాడు. "ఇంగ పోదాం పా," అని ఎద్దులను విప్పబోయాడు.

మదనపల్లె ఆసుపత్రిలో పేగులు లోపలికి సర్ది, కడుపు గోడ కుట్టారు. తెలివి రాగానే అవ్వ తాత వైపు చూసి, తల దువ్వుకోలేదేమని తిట్టింది. చిన్న గొంతుతోనే, కానీ పూర్తిగా.

ఆ తర్వాత కూడా కొన్ని నెలలు కట్టు ఉండింది. ఇక అక్కర్లేదన్నాక ఆమె గుడ్డ ఉతికి పెట్టెలో పెట్టి, సంతలో కొత్తది తెచ్చుకోమంది. సంతరోజు తాత దాన్నే బయటికి తీశాడు. కొస అవ్వ చేతికిచ్చి, పంచలో ఆ చివరినుంచి తలకు చుట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. అవ్వ తిట్టలేదు. అదొక్కరోజే.

ఇప్పుడు మెడికల్ షాపులో బెల్టు దొరుకుతుంది, తలగుడ్డ కట్టేవాళ్లే లేరు. ఇదిగో, నువ్వు కొస పట్టుకో, మా అవ్వ ఎట్లా వచ్చేదో చూపిస్తా.

"అత్తా, సంగటి సల్లారిపోతాండాది, రాండి."

వస్తాండానమ్మా. కోడలు పిలుస్తాంది. కొస మాత్రం వదలొద్దు అప్పా, నేను తిని వచ్చి ఆ గోడకాడి నుంచి చుట్టుకుంటూ నీ దగ్గరికి వస్తా.