జగన్నాథం ఇంటికొచ్చిన పాత స్పీకర్లు

గురువారం పొద్దున పదిన్నరకు జగన్నాథం రెండు పెద్ద స్పీకర్ల ఎదుట స్టూలు వేసుకుని, వీణ రికార్డు పెట్టి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా విడిగా వినిపిస్తోంది. ఐదు రోజుల పనికి అదే అతనికి దక్కిన కూలి. అప్పుడే మార్కెట్ నుంచి వచ్చిన భార్య పైడమ్మ, కూరల సంచి కింద పెట్టకుండానే, దాన్ని ఆపమంది.

కింద లిఫ్ట్ దగ్గర, ఆ అపార్ట్‌మెంట్లు ఊడ్చే ఓబయ్యను క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజర్ నిలబెట్టి నిలదీశాడట. చేతిలో సీసీ కెమెరా ఫోటో. అందులో ఓబయ్య, అతని చెత్త ట్రాలీ, ట్రాలీ మీద ఈ రెండు పెట్టెలే. ఎవరిదో సొత్తు దొంగిలించాడని ఫిర్యాదు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఆఫీసుకు రావాలి, ఇక్కడ పనిచేసుకునే పర్మిట్ రద్దు చేసి ఊరికి పంపేస్తామని చెప్పి సూపర్‌వైజర్ వెళ్ళిపోయాడు. పెట్టెలు ఎక్కడికి చేర్చావని నాలుగుసార్లు అడిగినా ఓబయ్య నోరు విప్పలేదు.

"నీ పేరు సెప్పలేదయ్యా ఆడు," అంది పైడమ్మ.

జగన్నాథం లేచి రికార్డు మీద నుంచి ముల్లు ఎత్తాడు.

ఈ మనిషి వయసు అరవై ఏడు. పుట్టింది మలేసియాలో, పేరాక్ రాష్ట్రపు కొబ్బరి ఎస్టేట్లో. విశాఖ వైపు నుంచి ఓడెక్కిన కూలీల మనవడు. ఇరవై ఏళ్ళు దాటగానే పనికోసం సింగపూర్ దిగి, ఇరవై మూడేళ్ళు ఒక స్పీకర్ల ఫ్యాక్టరీలో కాగితపు కోన్లకు అంచులు అతికించాడు. రోజుకు కొన్ని వందలు. ఏ దేశపు డ్రాయింగ్ రూముల్లోనో పాడే పెట్టెలవి. చేసినవాళ్ళ గదుల్లో మాత్రం చేతిలో పట్టే రేడియోలుండేవి. సాయంత్రం గేటు దాటేటప్పుడు ఒక్క స్క్రూ కూడా బయటికి పోకుండా సంచులు వెతికేవాళ్ళు. ఇంకా చవగ్గా దొరికే చేతులు వెతుక్కుంటూ ఫ్యాక్టరీ మరో దేశానికి పోయింది. జగన్నాథం సెక్యూరిటీ గార్డు యూనిఫాం వేసుకున్నాడు. ఆ యూనిఫాం కూడా విప్పేశాక, ఒకప్పుడు తాకి వదిలేసిన పెట్టెలను ఒక్కొక్కటే ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

కొనేటప్పుడు అమ్మేవాడి మాట నమ్మడు. కోన్ మీద రెండు చేతుల వేళ్ళూ సమంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి, చెవి దగ్గర పెడతాడు. గరగరమంటే లోపలి కాయిల్ ఒరుసుకుంటున్నట్టు, వద్దు. నిశ్శబ్దంగా లోపలికెళ్ళి బయటికొస్తే ఎంత పాతదైనా బతుకుతుంది. ఈ ఊరి తేమకు కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు పదేళ్ళలో తారులా కరిగి రాలిపోతుంది. చాలామంది అది చూసి స్పీకర్ చచ్చిందనుకుంటారు. చచ్చేది అంచు మాత్రమేనని సింగపూర్ క్లెమెంటి పేటలోని ఆ అపార్ట్‌మెంటు బ్లాకులో ఒక్క జగన్నాథానికే తెలుసు.

అక్కడి బ్లాకుల కింద గోడల్లేని ఖాళీ జాగా ఉంటుంది. పనికొచ్చేదే కానీ తమకు అక్కర్లేని వస్తువును జనం అక్కడ శుభ్రంగా పెట్టి పోతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. పోయిన శనివారం మధ్యాహ్నం అక్కడ నడుమెత్తు టేకు పెట్టెలు రెండున్నాయని ఓబయ్య ఫోన్ చేశాడు. ఓబయ్యది కడప వైపు. ఆ బ్లాకు ఊడ్చే పనికొచ్చి నాలుగు నెలలు. జగన్నాథం దిగి చూశాడు. డెబ్బైల నాటి ఇంగ్లండు పెట్టెలు. అంచులు రాలి, కోన్లు చిరిగిన గొడుగుల్లా వేలాడుతున్నాయి. ఇంత కుళ్ళినవి ఎవరు దాచుకుంటారు? వేళ్ళతో నొక్కి చూశాడు. చప్పుడు లేదు. ట్రాలీ మీద పైకి చేర్చమని ఓబయ్యకు చెప్పింది అతనే.

తర్వాత ఐదు రోజులు గది దాటలేదు. పాత జిగురు స్పిరిట్‌తో తుడిచి, కాయిల్ చుట్టూ సన్నని కాగితం ముక్కలు దోపి నడిమికి నిలబెట్టి, కొత్త అంచులు అతికించి ఆరబెట్టాడు. కింద లిఫ్ట్ పక్కన సోమవారమే నోటీసు అంటించారని తెలియలేదు.

పైడమ్మ ఆ నోటీసును ఫోన్లో ఫోటో తీసుకొచ్చింది. స్పీకర్లు పోయాయి, ఆచూకీ చెప్పండి. కింద నంబరు, శశికాంత్ అనే పేరు. జగన్నాథం ఫోన్ అందుకోగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నలభై ఏళ్ళకు పైగా ఇక్కడుంటున్నా తాము ఈ దేశపు పౌరులు కారనీ, వచ్చే ఏడు ఇక్కడ ఉండనిచ్చే పీఆర్ కాగితాలు మళ్ళీ రాయించుకోవాలనీ, పోలీసు కేసుంటే ఎవరు రాస్తారనీ అడిగింది. పెట్టెలు గుట్టుగా కిందికి దించేసి ఊరుకుందామంది.

"పెట్టెలు దొరికితే ఆడి పర్మిట్ తిరిగొస్తాదేటి?" అన్నాడతను. "దొంగ అని రాసేశారు లా, పైడీ." ఈ ఊరివాళ్ళకు మల్లే మాట చివర 'లా' తగిలించడం అతనికి అలవాటైపోయింది.

ఆమె చెయ్యి తీసింది.

ముందు ఓబయ్యకే చేశాడు. తన పేరు ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాడు.

"చెప్తే నిన్ను గూడా పిలుస్తారు గదా అంకుల్. నాదేముంది, వచ్చినోన్ని వచ్చినట్టే పోతా. నువ్వు ఈడ కాపురముండేవాడివి."

ఊరికి పోతే ఏం చేస్తావని అడిగాడు. చీపురు నేలకు రాసుకునే చప్పుడు వినబడింది. ఇంటికి పంపేస్తామన్న మనిషితో కూడా నాలుగయ్యేదాకా ఊడిపిస్తున్నారు.

ఆ తర్వాత నోటీసులోని నంబరుకు చేశాడు. శశికాంత్ చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో పనిచేస్తాడు, హైదరాబాదువాడు. పని వదిలించుకుని, ఊరి ఆ చివర నుంచి ఈ చివరికి టాక్సీలో వచ్చి చేరేసరికి రెండు దాటింది. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే లోపలికి చూసి ఆగిపోయాడు.

"అంకుల్, వాటికి గ్లూ పెట్టారా?"

పెట్టానన్నాడు జగన్నాథం. శశికాంత్ మోకాళ్ళ మీద కూర్చుని కోన్ల అంచులు తడిమాడు. ఆరు నెలలు వెతికి, దేశం వదిలిపోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర ఈ జతను కొన్నాడట. ఇదే బ్లాకు నుంచి సెంగ్‌కాంగ్ పేటకు ఇల్లు మారుస్తూ, లారీలో చోటు చాలక కింద పెట్టి, రెండో ట్రిప్పుకు వచ్చేలోపు మాయమయ్యాయి. వీటిని నిపుణుడి దగ్గరికి పంపాలనుకున్నాడు. ఇప్పుడు ఎవరో వంటింటి బల్ల మీద విప్పి మూశారు.

జగన్నాథం సంజాయిషీ చెప్పలేదు. ముల్లు దించాడు. వీణ మొదలైంది. శశికాంత్ లేవబోయి లేవలేదు. రెండు పెట్టెల నడుమ, గోడకు కాస్త ముందు, ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టుంది. రెండు నిమిషాలు ముగ్గురూ కదల్లేదు. ఆ తర్వాత శశికాంత్ లారీవాడికి ఫోన్ చేయడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

"లారీ తర్వాత. ముందు కంపెనీకి మెయిల్ రాయి బాబూ. దొంగతనం కాదని."

అది కుదరదన్నాడు శశికాంత్. రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చాడు. కెమెరా చూపించమని పట్టుబట్టింది తనే. ఇప్పుడు కాదంటే తనది అబద్ధమవుతుంది. వస్తువు దొరికింది కాబట్టి పోలీసుల దాకా పోను, అంతవరకు చాలదా అన్నాడు.

జగన్నాథం వెళ్ళి కుడివైపు పెట్టె మీద కూర్చున్నాడు. కాళ్ళు నేలకు ఆనీ ఆనక వేలాడాయి.

"అయితే పోలీసుల్ని పిలువు. ఇవి నీవని తెలిసి కూడా ఇవ్వనంటున్నాను. ఇప్పుడు దొంగని నేనే. పేరు జగన్నాథం, జీవరత్నం కొడుకు. రాసుకో."

"అంకుల్, దిస్ ఈజ్ బ్లాక్‌మెయిల్."

"అవును లా."

పైడమ్మ వంటింటి గుమ్మంలో గోడకు ఆనుకుంది. గోడ గడియారంలో రెండూ నలభై.

శశికాంత్ గొంతు పెరిగింది. "నేను పారేయలేదు అంకుల్. పైన టిష్యూ ప్యాకెట్ పెట్టి పోయాను. ఈ ఊర్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు కదా, టిష్యూ ప్యాకెట్ ఉంటే చోప్ చేసినట్టని."

జగన్నాథం ముఖం మారింది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి అన్నానికి లైన్లో నిలబడతారు, ఆ బల్ల జోలికి ఎవరూ పోరు. చోప్ అంటే అలా పట్టి ఉంచుకోవడం, ఈ ఊరి అలవాటది. కానీ శనివారం అతను దిగేసరికి పెట్టెల మీద ఏమీ లేదు. అందరికీ వినబడేలా ఫోన్ పెట్టి ఓబయ్యను అడిగాడు.

"టిష్యూ పొట్లమా? ఉండె అంకుల్. చెత్త అని తీసి బుట్టలో ఏస్తి. ఎందుకు, దాంట్లో ఏమన్నా ఉండెనా?"

జగన్నాథం ఫోన్ మీదికి వంగాడు.

"ఓబయ్యా, నువ్వు వచ్చినకాడి నుంచి హాకర్‌లో కూర్చుని ఎప్పుడన్నా తిన్నావా?"

"యాడ తింటాం అంకుల్. పొద్దున్నే డార్మిటరీలో మూడు పూటలకూ పొట్లాలిస్తారు. మెట్ల కింద తింటాం."

జగన్నాథం ఫోన్ పెట్టేశాడు. ఏ బల్ల దగ్గరా కూర్చోనివ్వని మనిషికి బల్లల మర్యాద తెలియలేదని దొంగ పేరు పెట్టారు. ఈ ఊరి చెత్తంతా ఎత్తేవాడికి చెత్త ఏదో, గుర్తు ఏదో ఎవరూ చెప్పలేదు. చెప్పడం తమ పనని కంపెనీ అనుకోలేదు. నాలుగు నెలలుగా రోజూ పలకరిస్తున్న జగన్నాథం కూడా అనుకోలేదు.

శశికాంత్ కుర్చీలో కూర్చుని ఫోన్లో టైపు చేశాడు. చదివి వినిపించమన్నాడు జగన్నాథం. చిన్న అపార్థం జరిగింది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఉంది.

"అపార్థం ఎవరిది? అలా రాస్తే మళ్ళీ ఆడి మీదకే వస్తాది. నేను చెప్పితే తెచ్చాడని రాయి. నా పేరు, ఫ్లాట్ నంబరు పెట్టు."

"మీ పీఆర్‌కి ప్రాబ్లమ్ అవుతుందేమో అంకుల్."

జగన్నాథం పైడమ్మ వైపు చూశాడు. ఆమె ఫ్లాట్ నంబరు అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చెప్పింది. శశికాంత్ రాసుకున్నాడు. మెయిల్ వెళ్ళేసరికి మూడూ పది.

జవాబు రాలేదు. మూడున్నరకూ రాలేదు. శశికాంత్ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగూ పదికి ఓబయ్యే చేశాడు. పనిలో ఉండమన్నారట. ఒక కాగితం మీద సంతకం పెడితే చాలన్నారట. ఏం రాసుందని అడిగితే, ఇంగ్లీషులో ఉందన్నాడు.

"సంతకం పెట్టకు. ఫోటో తీసి పంపు."

ఫోటో వచ్చింది. అనుమతి లేకుండా ఇతరుల సొత్తు తీసినట్టు ఒప్పుకుంటున్నాను, మరోసారి ఫిర్యాదు వస్తే విచారణ లేకుండా పంపించడానికి సమ్మతిస్తున్నాను. ముందు శశికాంత్ చదివాడు. ఇంకోసారి చదివాడు. తన మెయిల్ చేరిన గంటకు తయారైన కాగితం అది.

"వీళ్ళు నా మెయిల్ చూడనే లేదు," అన్నాడు.

"చూశారు బాబూ. అందుకే ఇలా రాశారు. ఇప్పుడు పంపడం కుదరదు గనక ఇంకోసారికి దారి వేసుకున్నారు."

జగన్నాథం పెట్టె మీద నుంచి దిగి, బనియను మీద చొక్కా తొడుక్కున్నాడు. శశికాంత్ లారీ సంగతి ఎత్తకుండా టాక్సీ పిలిచాడు. కంపెనీ ఆఫీసు రెండు బస్ స్టాపుల అవతల ఒక బ్లాకు కిందే ఉంది. ఓబయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పెన్ను చేతిలో ఉంది, కాగితం మీద సంతకం లేదు. అంతసేపూ అతనికి కుర్చీ చూపించలేదు. జగన్నాథం ఒక కుర్చీ లాగి ఓబయ్యను కూర్చోబెట్టి, మరోదాంట్లో తను కూర్చున్నాడు.

ఆ పెట్టెలు తెమ్మన్నది తనేనని ఇంగ్లీషులో చెప్పాడు. ఈ మాట కాగితం మీదికి ఎక్కేదాకా లేవనన్నాడు. సూపర్‌వైజర్ ఇది కంపెనీ సొంత వ్యవహారమన్నాడు. ఫిర్యాదు చేసింది తనేననీ, మెయిల్ కాపీ కంపెనీకి ఈ కాంట్రాక్టిచ్చిన టౌన్ కౌన్సిల్‌కు ఇప్పుడే పంపుతాననీ శశికాంత్ ఫోన్ తీశాడు. సూపర్‌వైజర్ కాసేపు అతన్ని చూశాడు, కాసేపు గడియారాన్ని చూశాడు. ఐదూ ఇరవైకి ప్రింటర్ మళ్ళీ కదిలింది.

కొత్త కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. ఫిర్యాదు ఉపసంహరించారు. దొంగతనం జరగలేదు. ఫలానా ఫ్లాట్ నివాసి కోరితే వస్తువు చేరవేశాడు. ఉద్యోగం కొనసాగుతుంది. బ్లాకు మారుస్తారని సూపర్‌వైజర్ నోటితో చెప్పాడు, అది మాత్రం రాయనన్నాడు.

జగన్నాథం కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చదివాడు. ఓబయ్య మూడో వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"నీ ఫ్లాటు నంబరు ఉందా అంకుల్ దాంట్లో?"

"ఉంది."

"తీసేయమను."

"నాలుగోది విను ముందు," అన్నాడు జగన్నాథం. చదవడం పూర్తిచేసి కాగితం అతని ముందుకు జరిపాడు. ఓబయ్య పెన్ను సరిచేసుకుని, తెలుగులో, పూర్తి పేరుతో సంతకం చేశాడు.