అమ్మ దిగకూడని ఎత్తు

ఉక్కు తయారయ్యే ఊళ్ళో ఉంటూ కూడా మా ఇంట్లో ఏ గిన్నెకీ సరైన మూత లేదు. పెరుగు మీద పప్పుగిన్నె మూత, పప్పు మీద పళ్ళెం, పిల్లి తొయ్యకుండా పళ్ళెం మీద రోకలి. అసలు మూతలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. సిద్ధగోరా పేటలో మా ఇంటి వరండాలో, తలో కాస్త కిరసనాయిలు పోసుకుని, ఒక పాత మోటారుసైకిల్ బోల్టుల్ని నానబెడుతున్నాయి.

బండి నాన్నది. ఆదివారాలు అమ్మని వెనక కూర్చోబెట్టుకుని నది మీది మాంగో వంతెన అవతల పిన్ని వాళ్ళింటికి వెళ్ళేవాడు. ఆ ఇంటికి పోయే దారి బాగా ఎత్తు. సగంలో ఇంజను దగ్గడం మొదలెట్టేది. బండి మనిషి నడకకన్నా నెమ్మదించగానే అమ్మ చేతిలో కూర కేరియరుతో సహా దిగిపోయేది. తేలికపడిన బండి మీద నాన్న పైకి చేరి, "వేగిరం రా, కూర చల్లారిపోద్ది" అని ధైర్యం చెప్పేవాడు.

నాన్న పోయాక బండి విప్పినప్పుడు అమ్మకి మాటిచ్చాను, ఈసారి దిగక్కర్లేకుండా చేస్తానని. "సూద్దాంలే" అంది. మా ఇంట్లో అది ఆశీర్వాదం కింద లెక్క.

అక్క మొగుడు ప్లాంటు మెషిన్ షాపులో పనిచేస్తాడు. ఆదివారాలు తోడొచ్చేవాడు. "బోరు పెంచేద్దాం," అన్నాడు. "సిలిండర్ కొంచెం వెడల్పు కోసి, పెద్ద పిస్టన్ ఏసేత్తే అయిపోద్ది."

"సిలిండర్ గోడ ఇప్పటికే పలచన బావా. ఇంకా కోత్తే వేడికి ఆగదు. స్ట్రోకు పెంచుదాం. పిస్టన్ ఎంత ఎక్కువ దూరం నడిత్తే చక్రాన్ని తిప్పే క్రాంకుకి అంత పట్టు. మనకి స్పీడెందుకు, లాగుడు కావాలి గానీ."

"అప్పుడు పిస్టన్ పైకొచ్చి హెడ్డుకి గుద్దుకుంటాది."

"పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్ పొట్టిది ఏత్తే?"

"పొట్టి రాడ్ పిస్టన్‌ని పక్కకి తోత్తాది. నీ పలచన గోడే అరిగిపోద్ది. రాడ్ అదే ఉంచు బావమరిదీ. సిలిండర్ కింద ప్లేటు పెట్టి ఎత్తుదాం."

ఈ ఊళ్ళో ఏ సమస్యకైనా చివరికి ప్లేటే పెడతారు. మా మంచం, మా ఫ్రిజ్జు, మా తులసికోట, అన్నీ ప్లేట్ల మీదే నిలబడ్డాయి. స్ట్రోకు ఆరు మిల్లీమీటర్లు పెంచాం కాబట్టి బావ ఆరు మిల్లీమీటర్ల ప్లేటు అద్దంలా నున్నగా చేయించుకొచ్చాడు. ఇంజను స్టార్టయింది. చాలా మర్యాదగా నడిచింది. భోజనం చేసి పడుకున్న పెద్దమనిషిలా గురక పెట్టింది తప్ప, నన్నొక్కణ్ణే వీధి చివరిదాకా లాగడానికి కూడా ఇష్టపడలేదు.

మళ్ళీ విప్పాం. బావ చాలాసేపు లోపలికి చూశాడు.

"ఆరు పెరిగితే పైకి మూడే కదరా వచ్చేది. మిగతా మూడూ కిందకి పోద్ది. పైన మూడు ఖాళీ ఉండిపోయి ఒత్తిడి చాలట్లేదు."

మా ఇద్దరివీ మెకానికల్ డిగ్రీలే. ఇద్దరం కాసేపు రోడ్డు మీద పోయే ఆటోల్ని శ్రద్ధగా గమనించాం.

సగం మందం ప్లేటు వేశాక ఇంజను అరిచిన అరుపుకి కిటికీ అద్దాలు ఊగాయి. బావ గ్రీజు చేతుల్తోనే నన్ను కావలించుకున్నాడు. టీ తెచ్చిన అమ్మ గ్లాసుల మీద మూతలుగా పెట్టిన బిస్కట్లు తీసి మా నోళ్ళలో పెట్టింది.

ఆదివారం అమ్మ కేరియరుతో వెనకెక్కింది. బావ స్కూటర్ మీద వెంట వచ్చాడు, నా మీద నమ్మకం ఉండే అనుకుంటాను. మాంగో వంతెన దాటి ఆ ఎత్తు అందుకున్నాం. సగంలో ఇంజను గొంతు తగ్గింది. అమ్మ అలవాటుగా కేరియరు చేతిలోకి తీసుకుని, దిగడానికి చీర సర్దుకుంది. నేను కాలితో గేరు ఒకటి దించి యాక్సిలరేటర్ తిప్పాను. బండి ఒక్కసారి సత్తువ కూడదీసుకుని, మా ఇద్దర్నీ, కూరనీ గేటు దాకా తీసుకెళ్ళి దించింది. పిన్ని చప్పట్లు కొట్టింది. బావ వెనకనుంచే హారన్ మోగిస్తూ వచ్చాడు. నేను ఇంజను ఆపి, వినయంగా ఉండటానికి ప్రయత్నిస్తూ అమ్మ వైపు చూశాను.

ఆమె నా కాలివైపు చూస్తోంది.

"ఇందాక కాలితో ఏటో నొక్కినావు గదా, మీ నాన్న ఇక్కడ అది నొక్కేవోడు కాదురా. ఊరికే నొక్కితే గేర్లు అరిగిపోతాయనేవోడు."